సీమ ఎండల్లో కృష్ణకమలం: ఏ తీగ నిలుస్తుంది, ఏది నిలవదు

ఎవరి ఇంటి ముందు పూసినా దారిన పోయేవాళ్లను ఆపేసే పువ్వు కృష్ణకమలం. కొందరు రాఖీ పువ్వు అంటారు, ఇంకొందరు కౌరవ పాండవుల పువ్వు అంటారు, నర్సరీ లేబుల్ మీద పాషన్ ఫ్లవర్ అని ఉంటుంది. అనంతపురం, కర్నూలు, కడప ఊళ్లలో మిద్దె మీదో కాంపౌండ్ గోడ పక్కనో ఈ తీగ పెట్టుకున్న చాలామంది అనుభవం ఒకేలా ఉంటుంది. కొన్న ఏడాది వానాకాలంలో నాలుగు పూలు పూస్తుంది. సంక్రాంతి దాకా పచ్చగానే ఉంటుంది. శివరాత్రి దాటాక ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది. ఉగాదికి మొగ్గలు విప్పకుండానే రాలిపోతాయి. మే నెలలో మిగిలేది ఎండుపుల్ల.

అప్పుడు వినిపించే మాటలు రెండే. "మన సీమ నేలకు ఇది రాదు" అని ఒకటి, "నీళ్లు చాల్లేదు" అని ఇంకొకటి. రెండూ నిజం కావు. నేల రాదనడానికి లేదు, ఎందుకంటే ఇదే కుటుంబానికి చెందిన తెల్లజుమికి తీగ సీమలో కంచెల మీద, గుట్టల వెంబడి, ఎవరూ ఒక చెంబుడు నీళ్లు పోయకుండానే పెరుగుతోంది. నీళ్లు చాల్లేదనడానికీ లేదు, ఎందుకంటే చచ్చిపోయిన తీగల్లో చాలావాటి కుండీ మట్టి ఆ రోజుకీ తడిగానే ఉంటుంది. అసలు తప్పు రెండు చోట్ల జరుగుతోంది. తీగ ఎక్కడ పుట్టిందో చూడకుండా పువ్వు ఫొటో చూసి కొంటున్నారు. కొన్నాక, ఏడాది పొడవునా పూయాలని ఆశపడి వేసవిలో కూడా దాన్ని పెంచాలని చూస్తున్నారు. సీమలో ఈ తీగ వానాకాలం పువ్వు. వేసవిలో దాని నుంచి కోరుకోవలసింది ప్రాణం నిలుపుకోవడం ఒక్కటే.

పాసిఫ్లోరా అనే ఈ ప్రజాతిలో ఐదు వందలకు పైగా జాతులున్నాయి. చాలామటుకు మధ్య అమెరికా, దక్షిణ అమెరికాల్లో పుట్టినవి. అక్కడ సముద్రమట్టానికి దగ్గరగా ఉండే తడి అడవులున్నాయి, చలిగాలి వీచే కొండలున్నాయి, మంచు పడే ప్రాంతాలున్నాయి, ఎండి బీటలు వారే మైదానాలూ ఉన్నాయి. అన్నిచోట్లా ఈ తీగలు ఉన్నాయి. అందుకే "కృష్ణకమలానికి ఎంత ఎండ కావాలి" అనే ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు.

స్పానిష్ మత ప్రచారకులు ఈ పువ్వును అమెరికాలో చూసి, అందులో క్రీస్తు సిలువ శ్రమలను చదువుకున్నారు. పువ్వు నెత్తిన కొమ్ముల్లా ఉండే మూడు కీలాగ్రాలు మూడు మేకులు, ఐదు పుప్పొడి తిత్తులు ఐదు గాయాలు, చుట్టూ ఉన్న నూలుపోగుల్లాంటి వలయం ముళ్ల కిరీటం. అదే పువ్వు మన దేశానికి వచ్చాక ఆ వలయం నూరుగురు కౌరవులైంది, ఐదు తిత్తులు పాండవులయ్యాయి, మూడు కీలాగ్రాలు త్రిమూర్తులయ్యాయి. లెక్కపెడితే సరిగ్గా నూరు ఉండవు, జాతిని బట్టి మారతాయి. కానీ ఇంత దూరాన ఉన్న రెండు నాగరికతలు ఒకే పువ్వులో తమ కథలే చూసుకున్నాయంటే దాని నిర్మాణం ఎంత విచిత్రమైనదో తెలుస్తుంది.

ఆ నిర్మాణాన్ని దగ్గరగా చూడాలి. అడుగున ఐదు రక్షక పత్రాలు, వాటి మధ్యల్లో ఐదు ఆకర్షక పత్రాలు, వాటి మీద రంగురంగుల నూలుపోగుల్లాంటి వలయం. నడిమధ్య నుంచి ఒక స్తంభం లేస్తుంది. దాని మీద తలకిందులుగా వేలాడే ఐదు పుప్పొడి తిత్తులు, ఇంకా పైన అండాశయం, దాని నెత్తి నుంచి మూడు కొమ్ముల్లాంటి కీలాలు. పువ్వు విప్పుకున్న క్షణంలో ఆ మూడు కీలాలు నిటారుగా ఆకాశం వైపు చూస్తుంటాయి. పక్కనే కూర్చుని గమనిస్తే, గంటా గంటన్నరలో అవి మెల్లగా వంగి పుప్పొడి తిత్తుల ఎత్తుకు దిగి వస్తాయి. వలయం కింద తేనె ఉంటుంది. నల్ల తుమ్మెద దాని కోసం వలయం మీద వాలి గుండ్రంగా తిరుగుతుంటే, ముందుగా తిత్తుల్లోని పుప్పొడి దాని వీపుకు అంటుకుంటుంది. కీలాలు వంగిన తర్వాత వచ్చిన తుమ్మెద వీపు కీలాగ్రాలకు రాసుకుంటుంది. చిన్న తేనెటీగ వస్తే పుప్పొడి ఎత్తుకుపోతుందే కానీ దాని వీపు అంత ఎత్తుకు అందదు. పువ్వు కొలత మొత్తం తుమ్మెద ఒంటి కొలత. ఇదంతా ఒక్క రోజులో ముగిసిపోవాలి, ఎందుకంటే చాలా జాతుల్లో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే.

తెల్లజుమికి చెప్పే సంగతి

సీమలో పాషన్ ఫ్లవర్ పెంచాలనుకునేవాళ్లు ముందు చూడవలసింది నర్సరీ కాదు, ఊరి బయట కంచె. వానలు పడ్డాక తెల్లజుమికి అక్కడ అల్లుకుంటుంది. పువ్వు చిన్నది, తెల్లగానో లేత ఊదాగానో ఉంటుంది, పొద్దున్నే విచ్చుకుని పదకొండు లోపే ముడుచుకుంటుంది. ఆకును నలిపితే ఘాటైన వాసన వస్తుంది. మొగ్గ చుట్టూ, కాయ చుట్టూ నాచులా చీలికలు చీలికలుగా ఉన్న మూడు పత్రాలు వలలా కప్పి ఉంటాయి. వాటి కొసల్లో జిగురు బొట్లుంటాయి. వేలితో తాకితే అంటుకుంటాయి. చిన్న దోమలు, చీమలు అందులో చిక్కుకుని చచ్చి ఉండడం కనిపిస్తుంది. పల్లెల్లో పిల్లలు పండి నారింజ రంగుకు తిరిగిన కాయలనే కోసుకు తింటారు. పచ్చికాయల్లో, ఆకుల్లో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి కాబట్టి వాటి జోలికి పోకూడదు.

ఈ తీగ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. అయినా సీమలో ఎలా బతుకుతోంది? ఎండతో అది పోట్లాడదు. వానలు వచ్చిన వెంటనే మొలిచి, గబగబా పెరిగి, పూసి, కాసి, గింజ రాల్చి, ఎండలు ముదిరేసరికి పైభాగం ఎండిపోయినా పట్టించుకోదు. నేలలో పడిన గింజ మళ్లీ తొలకరికి లేస్తుంది. కుండీలో పెంచే ఖరీదైన తీగకు ఈ సౌకర్యం లేదు. అది పోతే మళ్లీ కొనాల్సిందే. అయినా దాన్ని పెంచే క్యాలెండర్ మాత్రం తెల్లజుమికి క్యాలెండరే కావాలి: తొలకరికి నాటడం, భాద్రపదం నుంచి కార్తీకం దాకా పూత చూడడం, వేసవిలో ఆకు తగ్గించి నీడన దాచడం.

తెల్లజుమికినే అందం కోసం ఇంట్లో పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోకపోవడమే మంచిది. అది చాలా దేశాల్లో కలుపుగా మారిన మొక్క. కాయలు పక్షులు తిని గింజలను ఊరంతా వెదజల్లుతాయి. కంచె మీద ఉన్నదాన్ని కంచె మీదే చూసి ఆనందించవచ్చు.

ఎండ కంటే గాలి

అనంతపురం ఏడాది వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. కర్నూలు, కడపలకు దానికంటే కొంచెం ఎక్కువ. ఎండలు ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు తాకుతాయి, కర్నూలు వైపు కొన్ని రోజులు అంతకు మించుతాయి. ఈ అంకెలు చూసి ఎండే శత్రువు అనుకుంటాం. నిజానికి తీగను చంపేది వేడి ఒక్కటే కాదు, ఆ వేడిలో గాలి ఎండిపోయి ఉండడం.

తడి అడవిలో పుట్టిన తీగకు ఆకులు వెడల్పుగా, పల్చగా ఉంటాయి. అక్కడ గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది కాబట్టి ఆకు నుంచి నీరు నెమ్మదిగా పోతుంది. అదే ఆకును మే నెల మధ్యాహ్నం వడగాలిలో పెడితే, వేరు పైకి పంపగలిగిన దానికంటే వేగంగా నీరు ఆవిరైపోతుంది. మట్టి తడిగా ఉన్నా ఆకు వాడిపోతుంది. వాడిన ఆకును చూసి ఇంకో బకెట్ నీళ్లు పోస్తారు. వేడెక్కిన కుండీలో నీళ్లు నిలిచి, వేరుకు గాలి ఆడక కుళ్లు మొదలవుతుంది. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు, ఆకు ఇంకా వాడుతుంది, ఇంకా నీళ్లు పోస్తారు. సీమలో కృష్ణకమలాలు ఎక్కువగా ఇలాగే పోతున్నాయి. ప్రేమగా చూసుకునేవాళ్ల దగ్గరే ఎక్కువ పోతాయన్నది బాధ కలిగించే నిజం.

మధ్యాహ్నం వాడి, పొద్దు గుంకాక ఆకు తేరుకుంటే అది దప్పిక కాదు, ఎండ దెబ్బ. నీడ ఇవ్వాలి, నీళ్లు కాదు. తెల్లవారుజామున కూడా వాడే ఉంటే, మట్టిలో రెండంగుళాల లోతున వేలు పెట్టి చూడాలి. పొడిగా ఉంటే దప్పిక. తడిగా ఉంటే వేరు చెడింది. నీళ్లు ఆపేసి, కుండీని నీడకు జరిపి, పైన సగం ఆకు తీసేయడం తప్ప వేరే వైద్యం లేదు.

రాత్రుల సంగతి కూడా ఉంది. కొండల మధ్య ఉన్న కడప పట్టణంలో వేసవి రాత్రులు త్వరగా చల్లబడవు. దానికితోడు ఇళ్ల చుట్టూ పరిచే నల్ల బండలు పగలంతా వేడి తాగి రాత్రి పొద్దుపోయేదాకా వదులుతూనే ఉంటాయి. బండల మీద పెట్టిన నల్ల ప్లాస్టిక్ కుండీలో వేరుకు రాత్రి కూడా విశ్రాంతి ఉండదు. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి బండకు ఎడం చేయడం, చుట్టూ తడి గోనెసంచి చుట్టడం చిన్న పనులే, కానీ ఏ ఎరువూ చేయలేని మేలు అవి చేస్తాయి.

ఎత్తు విషయం అనంతపురం వాళ్లకు మరీ ముఖ్యం. బెంగళూరు దగ్గర కాబట్టి చాలామంది అక్కడి నర్సరీల్లో పూతతో ఉన్న తీగ చూసి ముచ్చటపడి కారులో తెచ్చుకుంటారు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అనంతపురం సుమారు 340 మీటర్లు, కర్నూలు 275 లోపు, కడప 140 లోపు. ఆ తేడా అంతా రాత్రి చలిలో కనిపిస్తుంది. గోదావరి జిల్లాల కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలది ఇంకో కథ. అక్కడ వేడి ఉంటుంది కానీ గాలిలో తేమ ఉంటుంది. ఈ రెండు చోట్లలో ఎక్కడి నుంచి వచ్చిన మొక్కనైనా తెచ్చిన రోజే మిద్దె ఎక్కించకుండా, రెండు మూడు వారాలు వసారాలో ఉంచి, రోజురోజుకీ కొంచెం కొంచెంగా ఎండ చూపించాలి.

ఎంపిక

పండ్ల కోసం పెంచే ప్యాషన్ ఫ్రూట్ కూడా ఈ ప్రజాతిదే. అందులో ఊదారంగు కాయ కాసే రకం చల్లని ఎత్తైన ప్రాంతాలను ఇష్టపడుతుంది. కొడగు, నీలగిరి, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో అది బాగా రావడానికి కారణం అదే. పగటి వేడి ముప్పై దాటిన కొద్దీ దానికి పూత తగ్గుతుంది. సీమలో దాన్ని పూల కోసం నాటడం కష్టాన్ని కొనితెచ్చుకోవడం. పసుపు కాయ రకం లోతట్టు ఉష్ణ ప్రాంతాలకు అలవాటుపడింది, వేళ్లకు వచ్చే ఎండు తెగులును, నులిపురుగులను కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. అందుకే ఊదా రకాన్ని పసుపు రకం వేరు మీద అంటు కట్టే పద్ధతి ఉంది. ఈ రెండింటినీ సంకరం చేసి కొడగులోని చెట్టళ్లి పరిశోధన కేంద్రం కావేరి అనే రకాన్ని తెచ్చింది.

అందం కోసం పెంచేవాళ్లు పసుపు రకాన్ని పండ్ల మొక్క అని పక్కన పెట్టేస్తారు. అది పొరపాటు. తెల్లని రేకుల మీద మొదళ్లలో ముదురు ఊదా, కొసల్లో తెలుపుగా అలలు తిరిగిన వలయంతో, మంచి వాసనతో ఉండే ఆ పువ్వు ఏ అలంకార జాతికీ తీసిపోదు. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. ఊదా రకం పువ్వు తెల్లవారుజామున విప్పి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పసుపు రకం మిట్టమధ్యాహ్నం వేళ విప్పుకుని రాత్రి దాకా ఉంటుంది. పొద్దున్నే పనులకు వెళ్లి సాయంత్రం ఇంటికి చేరేవాళ్లకు కనిపించే పువ్వు ఇదే. డిసెంబరు, జనవరిలో పూత తగ్గితే కంగారు పడనక్కర్లేదు. పగలు పొడవుగా ఉండే నెలల్లోనే అది బాగా మొగ్గ వేస్తుంది. సీమలో మొదటిసారి పెంచేవాళ్లకు ఏ ఒక్క తీగ చెప్పమన్నా, ఈ పసుపు రకాన్నే ముందు చెప్పాలి.

నీలి వలయంతో ప్రపంచమంతా ఫొటోల్లో కనిపించేది పాసిఫ్లోరా సెరూలియా. దక్షిణ బ్రెజిల్, అర్జెంటీనా ప్రాంతాలది. మంచు పడినా తట్టుకునే తీగ. దాని బలం చలిలో ఉంది, మన బాధ వేడితో. ఎంత ముచ్చటగా ఉన్నా కర్నూలులో దాని మీద డబ్బు పెట్టడం దండగ. ఎర్రగా మంటలా పూసే పాసిఫ్లోరా విటిఫోలియా ఆకు అచ్చం ద్రాక్ష ఆకులా ఉంటుంది. ద్రాక్ష తోటలు తెలిసిన అనంతపురం వాళ్లు కూడా పూత లేనప్పుడు చూస్తే పొరబడతారు. అది మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వాయవ్య ప్రాంతాల తడి అడవుల తీగ. వేడికి భయపడదు, పొడిగాలికి భయపడుతుంది. పెద్ద చెట్టు నీడ, పక్కన నీళ్ల తొట్టి, చుట్టూ గుబురుగా ఇతర మొక్కలు ఉన్న చోట ప్రయత్నించవచ్చు. ఎర్ర జాతుల పూలకు వాటి సొంత దేశంలో హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి. మన దగ్గర అవి లేవు కాబట్టి కాయ మీద ఆశ పెట్టుకోకూడదు, పువ్వు చాలు. నాలుగు పలకల రెక్కల కాండంతో, అరచేతి కంటే పెద్ద ఆకులతో వచ్చే పాసిఫ్లోరా క్వాడ్రాంగ్యులారిస్ పువ్వు అద్భుతంగా ఉంటుంది, కానీ దానికి కావలసిన తేమను సీమలో ఏ ఇల్లూ ఇవ్వలేదు.

అసలు చిక్కు ఏమిటంటే, కృష్ణకమలం అన్న ఒకే పేరు మీద వేర్వేరు జాతులు, సంకర రకాలు అమ్ముతారు. లేబుల్ కంటే ఆకును నమ్మాలి. మెరిసే ఆకు, మూడు పాయలు, అంచున రంపపు పళ్లు ఉంటే ప్యాషన్ ఫ్రూట్ జాతి. ఐదు లేదా ఏడు పాయలు, అంచు నున్నగా ఉంటే సెరూలియా లేదా దాని సంకరం అయ్యే అవకాశం ఎక్కువ. ఆకుకు నూగు, నలిపితే ఘాటు వాసన ఉంటే తెల్లజుమికినే అందమైన పేరు పెట్టి అమ్ముతున్నట్టు.

నాటే చోటు, నాటే వేళ

తూర్పు గోడ. ఈ ఒక్కటి కుదిరితే సగం పని అయినట్టే. పొద్దున పదకొండు దాకా ఎండ, తర్వాత గోడ నీడ. పడమటి గోడకు పెడితే మధ్యాహ్నం ఎండ, గోడ వెనక్కి కొట్టే వేడి, ఆషాఢ శ్రావణాల్లో వీచే హోరుగాలి మూడూ కలిసి వస్తాయి. ఆ గాలి ఎంత బలమైనదో అనంతపురం, కర్నూలు జిల్లాల గుట్టల మీద వరుసగా నిలబడ్డ గాలిమరలే చెబుతాయి. లేత కొసలు ఆ గాలికి విరిగిపోతాయి, విరిగిన కొసతోపాటు రాబోయే పూలు పోతాయి, ఎందుకంటే ఈ తీగలు కొత్త చిగురు మీదే మొగ్గ వేస్తాయి. పడమర తప్ప వేరే చోటు లేనివాళ్లు 50 శాతం షేడ్ నెట్‌ను పైన కాకుండా పక్కన, గాలి వచ్చే వైపు తెరలా కట్టాలి.

పందిరికి సీమలో రాతి కూసాలు సులభంగా దొరుకుతాయి. అవి ఎన్నేళ్లయినా ఉంటాయి. కానీ ఈ తీగ నులితీగలతో పాకుతుంది, ఆ నులితీగలు సన్నని వాటినే చుట్టుకోగలవు. లావు కూసం పక్కన నాటి పాకమంటే పాకదు. కూసాల మధ్య కొబ్బరి తాడో పురికొసో అడ్డంగా నిలువుగా కట్టాలి. ఇనుప తీగ ఎండకు కాలి లేత కొసలను మాడుస్తుంది కాబట్టి తాడే మేలు.

నాటడానికి మంచి వేళ జూన్ చివర నుంచి ఆగస్టు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే తొందరపడితే, ఆ తర్వాత వచ్చే ఎండు రోజుల్లో మొక్క దెబ్బతింటుంది. అనంతపురానికి ఎక్కువ వాన కురిసే నెల సెప్టెంబరు. ఆ నెలకల్లా వేరు పట్టి ఉండాలన్నదే లెక్క. కడపకు అక్టోబరు, నవంబరుల్లోనూ వానలు ఉంటాయి కాబట్టి అక్కడ పూత ఇంకొంచెం సాగుతుంది.

ఎర్ర నేల ఉన్నచోట గుంతలో సగం పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపితే చాలు. నీళ్లు త్వరగా దిగిపోతాయి, వేరు కుళ్లదు, కానీ తేమ నిలవదు. పైన శనక్కాయ పొట్టు నాలుగంగుళాల మందాన పరిస్తే ఆ లోటు తీరుతుంది, అనంతపురంలో దానికి కొదవ లేదు. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో కథ తిరగబడుతుంది. వానల్లో నీళ్లు నిలుస్తాయి, వేసవిలో నేల నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది. అక్కడ అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ వేసి దాని మీద నాటడం, లేదంటే పెద్ద సిమెంట్ తొట్టి వాడడం మంచిది.

నీళ్ల విషయంలో ఒక అలవాటు మానుకోవాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు ఎక్కువని ఇళ్లలో ఆర్వో మిషన్లు పెట్టుకుంటారు. మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా పోకూడదని మొక్కలకు పోస్తారు. ఉద్దేశం మంచిదే, కానీ బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి చేరేది ఆ నీళ్లలోనే. ఉప్పుకు ఈ తీగలు త్వరగా లొంగిపోతాయి. ఆకు కొస నుంచి అంచుల వెంట గోధుమ రంగు మాడు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది అదే. ఆ నీళ్లు గచ్చు కడగడానికి వాడుకుని, వాన నీళ్లు పట్టగలిగినంత పట్టి తీగకు ఉంచాలి. గట్టి నీళ్లతో ఇంకో జబ్బు వస్తుంది. కొత్త ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఇనుము లోపం. వేరుశనగ రైతులకు ఈ మందు ఎప్పటినుంచో తెలుసు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయడం. కుండీలో బూడిద వేసే అలవాటు ఉంటే ఆపాలి. అసలే క్షారం ఉన్న మట్టికి అది ఇంకా క్షారం చేరుస్తుంది.

యూరియా ఇస్తే తీగ ఏపుగా పెరిగి ఆకులతో పందిరి నిండుతుంది, పూలు రావు.

గొంగళి పురుగులను ఏం చేయాలి

వానాకాలంలో ఒక పొద్దున లేచి చూసేసరికి ఆకులన్నీ జల్లెడ పట్టి ఉంటాయి. ఆకు అడుగున నల్ల ముళ్లతో, ముదురు ఎరుపు గోధుమ రంగు గొంగళి పురుగులు గుంపుగా కనిపిస్తాయి. వెంటనే మందు కొట్టేయాలనిపిస్తుంది. ఆగాలి. ఇవి టానీ కోస్టర్ అనే సీతాకోకచిలుక పిల్లలు. నారింజ రెక్కల మీద నల్ల చుక్కలతో, తొందర లేకుండా తక్కువ ఎత్తులో ఎగిరే ఈ చిలుక సీమ పొలాల్లో మామూలుగా కనిపించేదే. వానల తర్వాత ఎర్ర నేలల్లో మొలిచే రత్నపురుష మొక్క మీద అది గుడ్లు పెడుతుంది, తెల్లజుమికి మీద పెడుతుంది, మన కృష్ణకమలం మీదా పెడుతుంది. ఈ తీగల ఆకుల్లో ఉన్న విషం దాన్ని ఏమీ చేయదు సరికదా, దానికే రక్షణ అవుతుంది. పక్షులు దాన్ని ముట్టుకోవు. అందుకే దానికి వేగంగా పారిపోవాల్సిన అవసరం ఉండదు. మన ఉపఖండపు చిలుక అయిన ఇది ఆగ్నేయాసియా మీదుగా విస్తరిస్తూ 2012 నాటికి ఆస్ట్రేలియా చేరింది.

వేరు పట్టి ఒక వానాకాలం దాటిన తీగ ఈ పురుగులను తట్టుకుంటుంది. ఆకులు పోయినా పదిహేను, ఇరవై రోజుల్లో కొత్త చిగురు వేస్తుంది. ఆ కొత్త చిగురు మీదే మళ్లీ పూలు. కాబట్టి పెద్ద తీగ మీద వాటిని వదిలేయడమే న్యాయం. కొత్తగా నాటిన చిన్న మొక్క మీద వస్తే మాత్రం కాపాడుకోవాలి. పురుగులున్న ఆకును తుంచి, ఊరి బయట తెల్లజుమికి ఉన్న కంచె మీద వేసి రావచ్చు. పురుగుమందు కొడితే పోయేది ఇవి మాత్రమే కాదు, పువ్వు మీద వాలే తుమ్మెదలు కూడా. పిండినల్లి, ఎర్రనల్లి లాంటివి వస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి పొద్దుగూకాక కొడితే చాలు.

చీమల విషయంలో కూడా తొందరపడకూడదు. ఆకు కాడ మీద రెండు చిన్న బొడిపెలు ఉంటాయి, వాటి నుంచి తీపి రసం ఊరుతుంది. తీగ ఆ రసం ఇచ్చి చీమలను కాపలా పెట్టుకుంటుంది. చీమలు ఆ బొడిపెల దగ్గరే తిరుగుతుంటే తీగ క్షేమంగా ఉన్నట్టే. కణుపుల్లో తెల్లని దూది లాంటిది కనిపించి, చీమలు దాని చుట్టూ చేరితే అది పిండినల్లి. అప్పుడే కదలాలి.

పసుపు రకంలో కాయ కూడా కావాలంటే ఒకే మొక్క చాలదు. దాని పుప్పొడి దానికే పనికిరాదు, వేరే గింజ నుంచి వచ్చిన రెండో తీగ ఉండాలి. ఒకే తీగ కొమ్మలు రెండు నాటినా లాభం లేదు. తుమ్మెదలు రావాలంటే ఇంటి చుట్టుపక్కల ఎండు వెదుళ్లో, పాత దూలమో ఉండాలి, అవి గూడు తొలుచుకునేది అందులోనే. అవి రానిచోట మధ్యాహ్నం పూట, కీలాలు వంగాక, ఒక తీగ పుప్పొడిని వేలితో తీసి ఇంకో తీగ పువ్వుకు రాయవచ్చు. పువ్వు మీద వాన పడితే పుప్పొడి పగిలి పాడవుతుంది కాబట్టి చినుకులు లేని రోజు చూసుకోవాలి.

కత్తిరింపు ఏడాదికి రెండుసార్లు. శివరాత్రి వెళ్లాక, ఎండ ముదరకముందే, తీగలో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించాలి. ఆకు తక్కువైతే వేసవిలో వేరు మోయాల్సిన భారం తక్కువవుతుంది. ముదిరి బెరడు కట్టిన మొదలు దాకా కోస్తే మళ్లీ చిగురు రాకపోవచ్చు, అందుకని పచ్చగా ఉన్న కణుపులు కొన్ని తప్పకుండా వదలాలి. రెండోసారి జూన్‌లో, తొలి వాన పడ్డాక, ఎండిపోయిన కొసలను తేలిగ్గా తుంచితే చాలు. ఆ తుంచిన చోట్ల నుంచి వచ్చేవే పూత కొమ్మలు.

ఇంత చేసినా ఈ తీగలు మామిడిలా, వేపలా తరాల పాటు ఉండవు. తోటల్లో పెంచే ప్యాషన్ ఫ్రూట్ తీగనే ఐదారేళ్లకు మార్చేస్తారు. ఇంటి తీగకు నాలుగో ఏడు దాటాక పూత పల్చబడుతుంది, వేరు తెగుళ్లు పట్టుకుంటాయి. అందుకని జూలైలో, తీగ బాగా ఉన్నప్పుడే, పెన్సిల్ మందం ఉన్న కొమ్మను మూడు కణుపులతో కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన చిన్న కవరులో నాటి నీడన పెట్టాలి. నాలుగైదు వారాల్లో వేరు వస్తుంది. వేరు పట్టిన ఆ మొక్కల్లో ఒకటి ఇంట్లో ఉంచుకుని, మిగిలినవి అదే వీధిలో తూర్పు గోడ ఉన్నవాళ్లకు ఇవ్వవచ్చు. పాత తీగ తీసేసిన గుంతలో వెంటనే కొత్తది నాటకూడదు. ఆ మట్టిలో నులిపురుగులు మిగిలి ఉంటాయి. ఒక కారు బంతి మొక్కలు పెంచి, వాటిని అక్కడే మట్టిలో కలిపేసి, వచ్చే తొలకరికి నాటాలి.